కాలనీ సంఘం చేతిలో ఉన్న కొద్ది డబ్బు ఆరోగ్య శిబిరానికి పెట్టాలా, మరో పనికి పెట్టాలా?

ప్రశ్న అడిగినవారు: కొండవాలు

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నంలో గాజువాక దగ్గర కొండవాలున ఉన్న ఒక కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి మా సంఘానికి కొంత సాయం చేయడానికి ముందుకొచ్చింది. ఆ డబ్బును ఆరోగ్యానికి సంబంధించిన పనికే ఖర్చు పెట్టాలని షరతు. సంఘంలో ఎక్కువమంది ఉచిత వైద్య శిబిరం పెడదామంటున్నారు. టెంటు వేసి, ఇద్దరు డాక్టర్లను పిలిపించి, బీపీ, షుగరు చూసి మందులు పంచితే నలుగురికీ కనబడుతుందని వారి వాదన. శిబిరం వద్దనడం నా ఉద్దేశం కాదు. కానీ గతంలో పెట్టిన శిబిరాల్లో షుగరు బయటపడినవారిలో చాలామంది ఇప్పటికీ మందులు సరిగా వాడటం లేదు. వాళ్లకే మళ్లీ షుగరు ఉందని చెప్పడానికి టెంటు వేయాలా అన్నది నా సందేహం.

మా కాలనీ గురించి కొంత చెబితే తప్ప ప్రశ్న అర్థం కాదు. మెట్ల పైనున్న ఇళ్లలో మగవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, తాపీ పనివాళ్లు. ఆడవాళ్లలో కొందరు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వైపు కుట్టు యూనిట్లకు పోతారు, మరికొందరు కింద అపార్టుమెంట్లలో ఇంటిపని చేస్తారు. మెట్ల కింద, మెయిన్ రోడ్డు వైపు, పర్మనెంటు ఉద్యోగాలు చేసి రిటైరైనవారి ఇళ్లున్నాయి. రెండు వైపులవారూ పీల్చేది ఒకే గాలి. చుట్టూ కొండలుండటం వల్ల పొగ, ధూళి తొందరగా చెదిరిపోని ఊరు మనది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం పేరు కూడా ఉంది. అంటే ఇప్పుడు చెప్పబోయే తేడాకు గాలి ఒక్కటే కారణమనడానికి లేదు. అయినా మెట్ల పైన నలభై దాటీ దాటకముందే పక్షవాతం వచ్చి మంచాన పడినవారున్నారు. కింది ఇళ్లలో అదే జబ్బు బాగా వయసు మళ్లాక వస్తోంది, వచ్చినవాళ్లు కూడా కొన్నాళ్లకు కోలుకుని పార్కులో నడుస్తూ కనిపిస్తున్నారు.

ఇది చిన్నప్పటి తిండి వల్ల వచ్చిన తేడానా, చేసే పని వల్లనా, ఆసుపత్రి సమయానికి అందకపోవడం వల్లనా? మూడూ అని అందరూ అంటారని తెలుసు. మా దగ్గరున్న డబ్బు మాత్రం ఒక్క పనికే సరిపోతుంది. దేనికి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: నాడి

కొండవాలు గారూ, నేను వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగంలో పాఠాలు చెబుతాను. ముందుగా ఆసుపత్రి సంగతి చూద్దాం, ఎందుకంటే మన చర్చలు ఎక్కువగా అక్కడ మొదలై అక్కడే ఆగిపోతుంటాయి.

బ్రిటన్‌లో 1948 నుంచి వైద్యం అందరికీ ఉచితం. అలాంటి దేశంలో, లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే మగ ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. వారిలో గనిలో దిగేవారు గానీ, కొలిమి దగ్గర నిలబడేవారు గానీ, ఆకలితో ఉన్నవారు గానీ లేరు, ఎక్కువమంది కుర్చీల్లో కూర్చుని పనిచేసేవారే. అయినా అందరికంటే కింది హోదాలో ఉన్నవారు గుండెజబ్బుతో చనిపోయే అవకాశం పై హోదాలో ఉన్నవారికంటే మూడు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ తేడా పేద, ధనిక అనే రెండు గుంపుల మధ్య మాత్రమే లేదు. హోదా ఒక్కో మెట్టు దిగినకొద్దీ ఆరోగ్యం కూడా ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. పొగతాగడం, రక్తపోటు, కొవ్వు వంటివాటిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడాలో సగానికి పైగా భాగానికి కారణం దొరకలేదు. ఈ పరిశోధనలో పేరుపడ్డ మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఒక కమిషన్ వేసింది. జబ్బు చేశాక జరిగే వైద్యం ఎంత అవసరమో, మనుషులు పుట్టి, పెరిగి, పనిచేసి, ముసలివారయ్యే పరిస్థితులను సరిచేయడం కూడా అంతే అవసరమని అది 2008లో నివేదిక ఇచ్చింది.

ఇక బాల్యం. దీనికి మన తెలుగు నేల మీదే జరిగిన ఒక అధ్యయనం ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలను తీసుకుని, వాటిలో 15 గ్రామాల గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అదనపు ఆహారం అందేలా చూశారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వారిలో తక్కువగా కనిపించింది, రక్తనాళాలు కూడా అంత గట్టిపడలేదు. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అది కూడా చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే అంగన్‌వాడీ గుడ్డు తింటే జీవితంలో బీపీ రాదన్నట్టు మాట్లాడేవారు కూడా ఉన్నారు. గర్భంలో ఉన్నప్పుడు, ఆ తర్వాత తొలి ఏళ్లలో అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా రక్తనాళాల మీద గుర్తు మిగిల్చిందన్నది ఇందులో మనం గమనించాల్సిన సంగతి.

మన రాష్ట్రం లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఈ మూడు అంకెలనూ కలిపి చదవాలి. ఎదిగీ ఎదగని వయసులో పెళ్లయి, రక్తం తక్కువగా ఉన్న తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ, ఆ బిడ్డ ఆడపిల్లయితే చాలాసార్లు అదే దారిలో నడుస్తుంది.

మీరు ఒక పని చేసి చూడండి. మీ అంగన్‌వాడీలో తల్లీబిడ్డల కార్డులు కొన్ని తెరిచి, బరువు గీతను గమనించండి. మొదటి ఆరు నెలలూ తల్లిపాల మీద ఆ గీత చక్కగా పైకి వెళ్తుంది. ఆరో నెల దాటాక, పాలు ఒక్కటే చాలక మెత్తటి అన్నం, పప్పు, గుడ్డు మొదలుపెట్టాల్సిన సమయంలో చదునవుతుంది. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు కూర్చోబెట్టి తినిపించే మనిషి కావాలి. మీ మెట్ల పైన ఇళ్లలో ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటున్నారో కనుక్కుని రాయగలరా? నా సలహా అంగన్‌వాడీ వైపే మొగ్గుతోంది, కానీ మీ జవాబు విన్నాక తేల్చి చెబుతాను.

సమాధానం: బి షిఫ్టు

నాడి గారి మాటల్లో తప్పు పట్టడానికి లేదు. అయితే బిడ్డకు తినిపించే మనిషి ఇంట్లో ఎందుకు లేదో అడిగితే, ఆ జవాబు అంగన్‌వాడీలో దొరకదు, కార్మికుల హాజరు, షిఫ్టులు చూసే టైమ్ ఆఫీసులో దొరుకుతుంది. నేను చాలాకాలం కాంట్రాక్టు కార్మికుల హాజరు, జీతాల పట్టీలు చూసినవాణ్ణి, ఇప్పుడు కార్మిక సంఘంలో ఉన్నాను.

మన ఊళ్లో పని వల్ల పోయే ప్రాణాల గురించి మాట్లాడుకోవాలంటే ప్రమాదం జరగాలి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో ఫార్మా యూనిట్ పేలి 17 మంది పోయినప్పుడు అందరూ మాట్లాడారు, మాట్లాడాలి కూడా. నెమ్మదిగా చేటు చేసే పని గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీ కాలనీలోని సెక్యూరిటీ గార్డు రోజుకు 12 గంటలు, వారానికి ఆరు రోజులు చేస్తే 72 గంటలవుతుంది, రిలీవరు రాకపోతే అంతకు మించుతుంది. రాత్రి డ్యూటీ అంటారా, నిద్ర వేళలు తారుమారయ్యే రాత్రి పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. ఇలా ఉండగా, 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందని చెబుతారు, నిజమే. కానీ బస్సులో పోయే గంటలు ఏ హద్దులోకీ రావు.

ఇక మీ ప్రశ్నకు సూటిగా జవాబు. మెట్ల కిందివారు కోలుకోవడానికి, పైవారు కోలుకోకపోవడానికి ఒక పెద్ద కారణం జీతంతో కూడిన సెలవు. పక్షవాతం వచ్చిన పర్మనెంటు ఉద్యోగికి సిక్ లీవు ఉంటుంది, కంపెనీ ఆసుపత్రి ఉంటుంది, వెళ్లిన ఉద్యోగం తిరిగి వస్తుంది. కాంట్రాక్టు మనిషి రెండో వారానికే కాలు ఈడ్చుకుంటూ గేటు దగ్గర నిలబడతాడు, లేకపోతే ఆ స్థానంలో ఇంకొకరు ఉంటారు. ఈ తేడాను కొంతైనా పూడ్చడానికే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి అది వర్తిస్తుంది. కార్మికుడి జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం వేయాలి. దానికి తగినన్ని రోజులు చందా కట్టి ఉంటే, జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చేతికొస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే పనిలో దెబ్బ తగిలినా 90 శాతం, దానికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న నియమం కూడా లేదు. ప్రసూతికి 26 వారాలు. భార్యాబిడ్డలకు కూడా వైద్యం. మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, మీకు అదేమీ దూరం కాదు.

కాబట్టి కొండవాలు గారూ, మీరు శిబిరం పెట్టేముందు ఇంటింటికీ వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: జీతంలో ఈఎస్ఐ కోస్తున్నారా, మీ చేతిలో ఇన్సూరెన్స్ నంబరు ఉందా? ఈ రెండింటికీ వచ్చే జవాబుల మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

సమాధానం: ఉక్కునగరం

అందరూ శిబిరాన్ని తీసిపారేస్తున్నారు గనుక దాని తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను రిటైరైన పర్మనెంటు ఉద్యోగిని, అంటే మీ లెక్కలో మెట్ల కిందివాణ్ణి. మాకు ఏటా వైద్య పరీక్షలు తప్పనిసరిగా జరిగేవి. నా రక్తపోటు అలాంటి పరీక్షలోనే బయటపడింది, అప్పటివరకు తలనొప్పి కూడా లేదు. రక్తపోటు ఉన్నవాడికి ఉన్నట్టు తెలియదు, అదే దానితో వచ్చిన చిక్కు. బాల్యంలో తిండి సరిచేస్తే ఫలితం ఇరవై, ముప్పై ఏళ్లకు కనబడుతుంది. ఇప్పుడు నలభై ఐదేళ్లున్న తాపీమేస్త్రీ బాల్యాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు కదా. పునాది గురించి వాదించుకుంటూ కారుతున్న కప్పును వదిలేయడం తెలివైన పని కాదు. శిబిరం పెట్టండి, కానీ దాని తర్వాత ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని పెట్టండి. ఆరోగ్యశ్రీ కార్డు ఎలాగూ ఉంది, పెద్ద జబ్బైతే అది చూసుకుంటుంది.

సమాధానం: నాడి

ఉక్కునగరం గారూ, నలభై ఐదేళ్ల మనిషి గురించి మీరన్నది న్యాయమైన మాట. దాన్ని కాదనలేను. చివరి వాక్యం ఒక్కదానితోనే నాకు పేచీ. 2007లో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సల కోసం ఉద్దేశించినది. మూసుకుపోయిన గుండె రక్తనాళంలో స్టెంటు వేయడానికి అది పనికొస్తుంది, స్టెంటు అవసరం రాకుండా ఇరవై ఏళ్లు రోజూ వేసుకోవాల్సిన మాత్రకు అంతగా పనికిరాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో ఆరోగ్యం మీద అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచి నేరుగా పెట్టుకున్నదే. 2013-14లో అది 64.2 శాతం ఉండేది, తగ్గిన మాట వాస్తవం. ఇప్పటికీ జేబులోంచి పెట్టుకునే దాంట్లో మందుల దుకాణం వాటా పెద్దది. ప్రభుత్వ కేంద్రంలో మాత్రలు ఉచితంగా దొరుకుతున్నా మనుషులు దుకాణానికి ఎందుకు పోతున్నారన్నది వేరే ప్రశ్న, దాని గురించి క్షేత్రంలో పనిచేసేవారు చెబితే బాగుంటుంది.

1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు, మంచి వైద్యం దాని అవసరం ఎక్కువగా ఉన్నచోట తక్కువగా దొరుకుతుందని రాశాడు. ఆయన పనిచేసింది వేల్స్‌లోని బొగ్గుగని ఊళ్లో. రక్తపోటు ఉన్నవారు తన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా, ఊళ్లో పెద్దవాళ్లందరికీ తానే పరీక్షలు చేసి, ఏళ్ల తరబడి వెంటబడి మందులు వాడించాడు. శిబిరానికీ, ఆ పద్ధతికీ తేడా ఆ వెంటబడటంలోనే ఉంది.

సమాధానం: కొండవాలు

అందరికీ కృతజ్ఞతలు. మీరడిగినవి కొన్ని కనుక్కున్నాను.

అంగన్‌వాడీ కార్యకర్తతో కలిసి కార్డులు చూశాను. నాడి గారు చెప్పినట్టే చాలా కార్డుల్లో గీత ఆరు నెలల తర్వాత చదునుగా పోతోంది. పగలు పసిపిల్లల్ని చూసుకునేది కొన్ని ఇళ్లలో నాయనమ్మ, కొన్ని ఇళ్లలో పొరుగింటి ఆవిడ. కొన్ని చోట్ల బడి మానేసి ఇంట్లో ఉన్న అక్క చూసుకుంటోంది. ఆ అక్కకు పదకొండేళ్లు. కార్యకర్త ఇచ్చే పొడి ప్యాకెట్, గుడ్లు ఇంటికైతే చేరుతున్నాయి గానీ, కొంత భాగం పెద్దపిల్లల కడుపులోకి వెళ్తోంది. తిన్నవాళ్లూ ఆకలిగా ఉన్న పిల్లలే గనుక ఎవరినీ తప్పుపట్టలేం.

జీతం చీటీలు కూడా కొన్ని చూశాను. ఒక హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు చీటీలో ఈఎస్ఐ కోత స్పష్టంగా ఉంది, ఇన్సూరెన్స్ నంబరు అన్న గడి ఖాళీగా ఉంది. అదే కాంట్రాక్టరు దగ్గర చేసే ఇంకొకామెకు నంబరు ఉంది గానీ అందులో పుట్టిన తేదీ, భర్త పేరు తప్పుగా పడ్డాయి. అందువల్ల పిల్లల పేర్లు ఎక్కలేదు. కొందరికి అసలు చీటీయే లేదు, జీతం నగదుగా చేతిలో పెడుతున్నారు. ఇంటిపని చేసేవాళ్లకు, అడ్డా మీద కూలికి వెళ్లేవాళ్లకు ఈ ఈఎస్ఐ ఏదీ వర్తించదనుకుంటాను, వాళ్ల సంగతేమిటి?

సమాధానం: మూడో వార్డు

నేను పట్టణ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను, కాబట్టి ఉచిత మాత్రలు వదిలి దుకాణానికి ఎందుకు పోతారన్న ప్రశ్నకు జవాబు చెప్పగలను. మా దగ్గర రద్దీ అంతా ఉదయం పూటే. చీటీ రాయించుకుని, బీపీ చూపించుకుని, డాక్టర్ని కలిసి, మందుల కిటికీ దగ్గరికి వచ్చేసరికి కూలికి వెళ్లే మనిషికి ఆ రోజు పని పోయినట్టే. మాత్ర ఉచితమే గానీ రోజు కూలి పోయింది. దుకాణంలో అదే మాత్ర రాత్రి తొమ్మిదికి కూడా దొరుకుతుంది, పది మాత్రలు కావాలంటే పది, మూడు కావాలంటే మూడు ఇస్తారు. మూడు కొనుక్కున్నవారు ఆ మూడు అయిపోయాక ఆపేస్తారు. డబ్బు లేక ఆపేవారికంటే సమయం కుదరక ఆపేవారే నా రిజిస్టరులో ఎక్కువ. మందు మానేశారని వాళ్లను కోప్పడే అలవాటు మా శాఖలో ఉంది, అది నాకు నచ్చదు.

రక్తపోటు నియంత్రణకు 2017లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల్లో పాటించిన పద్ధతి చాలా సాదా సీదాగా ఉంటుంది. అందరికీ ఒకే చికిత్స విధానం, ఒకేసారి నెల రోజుల మాత్రలు, వీలైనంత ఇంటి దగ్గరే పరీక్ష, రానివారిని ఫోను చేసి పిలవడం. మీ కాలనీలో దీన్ని చేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. సంఘం గదిలో మంచి బీపీ యంత్రం, చిన్న కొలత పట్టీతోపాటు లావు చేతులకు సరిపోయే పెద్ద పట్టీ, గ్లూకోమీటరు, ఒక రిజిస్టరు పెట్టండి. మీ వార్డు ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎంను, ఆశా కార్యకర్తను నెలలో ఒక సాయంత్రం అక్కడికి రమ్మని వైద్యాధికారికి లిఖితపూర్వకంగా అడగండి. మందులు మా కేంద్రం నుంచే వస్తాయి, మీరు కొనకండి. శిబిరాల్లో పంచే మందుల్లో నాకు కనిపించే లోపం ఏమిటంటే, ఇచ్చిన కంపెనీ మాత్ర అయిపోయాక అదే రంగు మాత్ర మా దగ్గర దొరకదు. మందు మారిందని భయపడి చాలామంది వాడకం ఆపేస్తారు.

పసిపిల్లల విషయానికి వస్తే, ఆ పదకొండేళ్ల పిల్ల సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆ ఇంట్లో ఇద్దరి ఆరోగ్యం దెబ్బతింటోంది: అన్నం సరిగా తినని తమ్ముడిది ఇప్పుడు, చదువు ఆగిపోయి తొందరగా పెళ్లి పీటల మీదికి వెళ్లబోయే అక్కది రేపు. అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రాన్ని జోడించే పాల్నా పథకం కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద ఉంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం. మీ వార్డుకు అది ఇస్తారో లేదో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ప్రాజెక్టు అధికారిని అడగాలి. అక్కడ అడ్డం పడేది ఎక్కువగా గది, మరుగుదొడ్డి, నీరు. మీ కాలనీలో నీళ్లు మెట్ల మీదుగా బిందెలతో మోసుకెళ్తారనుకుంటాను. సంఘం గదిని ఇవ్వగలిగి, కంపెనీ డబ్బుతో నీటి ట్యాంకు, మరుగుదొడ్డి కట్టించగలిగితే మీ దరఖాస్తుకు బలం వస్తుంది. యాభైమంది, అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం నడపాలన్న నియమం 2017 ప్రసూతి సవరణ చట్టంతో వచ్చింది. కానీ తెల్లవారుజామున పసిబిడ్డను బస్సులో అచ్యుతాపురం దాకా తీసుకెళ్లే తల్లులు తక్కువ. బిడ్డ ఇంటి దగ్గర ఉండటమే వారికి వీలు.

జాలరిపేటల్లో ఇంకో చిక్కు ఉంది, మీకు నేరుగా సంబంధం లేకపోయినా చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో ఇంట్లోకి వచ్చే డబ్బూ తగ్గుతుంది, కూరలో చేపా తగ్గుతుంది, బడులకు సెలవులు గనుక మధ్యాహ్న భోజనం కూడా ఉండదు. పిల్లల బరువు ఎప్పుడు తీశారన్నది చూడకుండా ఏడాదికొక అంకె రాసుకుంటే ఇలాంటివి కనిపించవు. మీ కాలనీలో కూడా వానాకాలంలో తాపీ పని ఆగే నెలలు ఉంటాయి, బరువులు ఆ నెలల్లో తప్పక చూడండి.

సమాధానం: బి షిఫ్టు

మూడో వార్డు గారు చెప్పిన దానికి నేనేమీ అడ్డు చెప్పను, నా పట్టు కొంచెం సడలించుకుంటున్నాను కూడా. సాయంత్రం పూట బీపీ గది, పగటి పూట పిల్లల గది, రెండూ ఒకే కప్పు కింద నడపవచ్చు. ఈఎస్ఐ పనికి డబ్బు కంటే కాగితం, ఓపిక ఎక్కువ కావాలి. కాబట్టి దాన్ని కంపెనీ నిధి లెక్కలోకి తేకుండా వేరుగా చేయండి.

కోత ఉండి నంబరు లేని ఆమె విషయం ముందు పట్టుకోండి. జీతం చీటీ జిరాక్సు, బ్యాంకు పాసుపుస్తకంలో జీతం పడిన పేజీ, గేటు పాసు ఉంటే అది, ఆధార్ జతచేసి ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు ఇవ్వాలి. అందులో కాంట్రాక్టరు పేరుతో పాటు ప్రధాన యజమాని, అంటే ఆమె ఏ సంస్థ ఆవరణలో పనిచేస్తోందో ఆ సంస్థ పేరు తప్పకుండా రాయండి. కాంట్రాక్టు కార్మికుల చందా ముందుగా కట్టాల్సిన బాధ్యత చట్టం ప్రధాన యజమాని మీద పెట్టింది, కట్టాక కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం వారి పని. ఆ ఒక్క పేరు రాయకపోవడం వల్లే చాలా దరఖాస్తులు కాంట్రాక్టరు మారగానే గాలికి పోతాయి. ఒక్కామె పేరుతో కాకుండా అదే కాంట్రాక్టులో ఉన్నవారు పదిమంది కలిసి ఇవ్వండి, లేదా సంఘం లెటర్‌హెడ్ మీద ఇవ్వండి. ఒంటరిగా ఇచ్చిన మనిషిని మరుసటి వారం డ్యూటీ చార్టులో వెతుక్కోవాల్సి వస్తుంది. తేదీ, పేరు తప్పుపడిన ఆమెకు సవరణ ఫారం యజమాని సంతకంతో వెళ్లాలి, దాంతోపాటే కుటుంబ సభ్యుల పేర్లు ఎక్కించమని రాయించండి.

ఇంటిపని, అడ్డా కూలీల విషయం అడిగారు. ఈఎస్ఐ వారికి లేదన్నది నిజం. అడ్డా మీద నిలబడే తాపీ పనివారికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు ఉంటుంది, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువీకరణ కావాలి. ఇంటిపని చేసే ఆడవాళ్లకు ప్రస్తుతం అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ జాబితాలో నమోదు తప్ప జబ్బు సెలవుకు జీతం ఇచ్చే ఏర్పాటు ఏదీ లేదు. అందుకే వాళ్లలో బీపీ, షుగరు ఉన్నవారి పేర్లు మీ సాయంత్రం రిజిస్టరులో మొదటి పేజీలో ఉండాలి.

సమాధానం: కొండవాలు

మా సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం. గది, నీటి ట్యాంకు, మరుగుదొడ్డి, రెండు బీపీ పట్టీలు అని అంచనా రాయిస్తున్నాను. టెంటు కావాలని పట్టుబట్టేవారి కోసం ప్రారంభం రోజున ఒక పూట శిబిరం కూడా పెడతాం, పరీక్షించిన ప్రతి పేరు రిజిస్టరులోకి ఎక్కాలన్న నియమంతో. మూడో వార్డు గారూ, వైద్యాధికారికి ఇచ్చే ఉత్తరంలో నెలకు ఒక సాయంత్రం అని రాయమన్నారు. కంపెనీ బస్సు మా మలుపు దగ్గర దించేసరికి ఏడున్నర దాటుతోంది. ఎనిమిది గంటలకు అని రాస్తే ఏఎన్‌ఎం గారికి ఇంటికి వెళ్లే దారి ఇబ్బంది అవుతుందా, లేక ఆదివారం ఉదయం అడగటం మేలా?

సమాధానం: మూడో వార్డు

ఆదివారం ఉదయమే అడగండి, బదులుగా ఆమెకు మరో రోజు సెలవు ఇవ్వాలన్న మాట కూడా ఆ ఉత్తరంలోనే రాయండి. ఆమె కూడా మీ కాలనీ ఆడవాళ్లలాగే పిల్లల్ని ఎవరికో అప్పగించి పనికి వస్తున్న మనిషే.